మాట్లాడని మనిషితో ముఖాముఖి

ఆ ఉదయం మేడమ్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. డిగ్రీ పిల్లలకు ఆవిడ చెప్పేది సాహిత్య జర్నలిజం. జరిగినదాన్ని జరిగినట్టే, కానీ కథలా చదివించేలా రాయడం అన్నమాట. ఆ రోజు రిటైరైన కోర్టు స్టెనోగ్రాఫర్ ఒకాయన క్లాసుకొస్తాడు, పిల్లలు ఆయన్ని ప్రశ్నలడిగి వ్యాసాలు రాస్తారు. కోర్సు ఉంచాలో ఎత్తెయ్యాలో ఆ వ్యాసాలు చూసి తేలుస్తానని శాఖాధిపతి ముందే చెప్పారు.

తీరా క్లాసు మొదలయ్యే వేళకు స్టెనోగ్రాఫర్‌కు గొంతు పోయింది. ఆ మాట కూడా ఫోన్లో గుసగుసగానే చెప్పుకున్నాడు. సరిగ్గా అప్పుడే, ఆవిడ ఇంట్లో మరిచిపోయిన కళ్ళజోడు పట్టుకుని భర్త గుమ్మంలో కనిపించాడు.

ఆయన లిఫ్టు మెకానిక్. ఇంట్లో "ఊఁ", "సరే", "వస్తా" దాటి మాట పెగలని మనిషి.

"ఏమండీ, కాసేపు ఈ పిల్లల ముందు కూర్చుంటారా?"

"సరే."

మొహమాటపడతారని, ఆయన తన భర్తన్న సంగతి పిల్లలకు చెప్పలేదావిడ. "ఈయన నోరు తెరవరు. తెరిపించడమే మీకు పరీక్ష. ఏం చెప్పినా ఇంకొకరిని అడిగి సరిచూసుకోకుండా రాయొద్దు," అని హెచ్చరించి, శాఖాధిపతి కబురు పెడితే ఫోన్ నోరు నొక్కేసి మీటింగుకు వెళ్ళింది.

ఆ క్లాసులో ఒక అమ్మాయిని తోటివాళ్ళు ప్రశ్నార్థకం అని పిలిచేవారు. కాసేపటికే ఆ పిల్ల ఆయన దగ్గరే ఆయన చెల్లెలి నంబరు సంపాదించి వరండాలోకి వచ్చి ఫోన్ చేసింది.

"అండీ, మీ అన్నయ్యగారి గురించి కొంచెం తెలుసుకోవాలి. కోపం ఎక్కువా? నిద్రలో కలవరిస్తారా?"

"నువ్వెవరమ్మా?"

"డిగ్రీ చదువుతున్నానండీ. ఆయన ఇప్పుడు మా దగ్గరే ఉన్నారు. అన్నీ ముందే కనుక్కోవాలి కదా. నా భవిష్యత్తంతా ఇప్పుడు ఆయన మీదే ఆధారపడి ఉంది."

పిల్ల అన్నది మార్కుల సంగతి. అవతల ఆవిడకు మాత్రం కాళ్ళ కింద నేల కదిలింది.

"ఆయనకు పెళ్ళయింది, తెలుసా?"

"అలాగా! మాకు చెప్పనేలేదే!" అంటూ ప్రశ్నార్థకం హుషారుగా రాసుకుంది.

చెల్లెలు తేరుకునేలోగా ఇంకో అమ్మాయి ఫోన్ చేసింది. మళ్ళీ అవే ప్రశ్నలు. "ఇందాక ఒకమ్మాయి అడిగిందిగా," అంది ఆవిడ నీరసంగా.

"తెలుసండీ. మేమందరం ఆయన్నే ఎంచుకున్నాం. ఎవరికి బాగా కుదురుతారో చూడాలి."

ఆవిడ అన్నయ్యకు చేస్తే ఎత్తలేదు. వదినకు చేసినా ఎత్తలేదు. చివరికి పెద్దన్నయ్యకు చేసింది.

"వాడా? నోట్లో నాలుక లేనివాడు!"

"లేదనుకున్నాం అన్నయ్యా. దాచుకున్నాడు."

ఇద్దరూ టాక్సీలో వచ్చి నేరుగా మీటింగు గదిలోకి దూసుకొచ్చారు. ఆడపడుచు శాఖాధిపతి ముందే మేడమ్‌ని వాటేసుకుంది. "వదినా, అన్నయ్య మాకొద్దు. నువ్వే కావాలి. మా ఇంటికొచ్చెయ్!"

మేడమ్ ఆవిడ చేతులు విడిపించుకుంది. "ఆయనకేమైంది?"

"వయసైందమ్మా, బుద్ధి రాలేదు," అన్నారు బావగారు. "ఎక్కడున్నాడు వాడు?"

"క్లాసులో, పిల్లలతో..."

"నీ చేతులతో నువ్వే అప్పజెప్పావా!" అంటూ ఆయన ముందు నడిచారు. కోర్సు సంగతి మరిచిపోయి శాఖాధిపతి కూడా వెంటబడ్డారు.

క్లాసు తలుపు మూసి ఉంది. లోపలినుంచి ఒక అమ్మాయి గొంతు. "నాకు భయంగా ఉంది. మీరు వెళ్ళిపోతారా?"

"ఎక్కడికీ వెళ్ళను. ఇక్కడే ఉన్నాను. నా మాట వింటూ ఉండు, అంతే. మెల్లిగా ఊపిరి తీసుకో. నిన్న ఏం చేశావో చెప్పు, నేను వింటాను."

"విన్నావా?" అని పళ్ళు కొరికింది ఆడపడుచు.

మేడమ్ వింటూనే ఉంది. గొంతు భర్తదే. ఆ మాటలే ఎన్నడూ వినలేదు. ఆ అమ్మాయి ఎవరైతేనేం, ఆయన దగ్గర ఇన్ని మాటలుండగా తనకు తెలియనే లేదన్నదే ఆవిడ మనసును కోసింది.

బావగారు తలుపు తోశారు. పుస్తకాల బీరువా ముందు ఆయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. చుట్టూ పిల్లలు వంచిన తల ఎత్తకుండా రాసుకుంటున్నారు. బీరువాలో ప్రశ్నార్థకం ఉంది.

"లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళతో ఎలా మాట్లాడతారో చూపిస్తున్నారు మేడమ్," అన్నాడొక కుర్రాడు. "తలుపు తెరుచుకునేదాకా మాట ఆపకూడదట."

బావగారు గోడకున్న పటాన్ని చూడసాగారు. ఆడపడుచుకు కోపం దిగి ఉక్రోషం వచ్చింది. "మాతో ఒక్కనాడైనా ఇలా మాట్లాడావా అన్నయ్యా?"

"మీరెవరూ ఇరుక్కోలేదుగా."

మేడమ్ వెళ్ళి చివరి బెంచీ మీద కూర్చుని చెయ్యెత్తింది. "నాదో ప్రశ్న. ఇంట్లో ఎందుకు మాట్లాడరు?"

మసి లేకపోయినా ఆయన చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "రోజంతా మొహం కనబడని వాళ్ళతో మాట్లాడి వస్తాను. ఇంటికొస్తే నువ్వు కనిపిస్తావు. కనిపిస్తే చాలనుకున్నాను."

"చాలదు," అంది మేడమ్.

"ఊఁ," అని నాలుక కరుచుకున్నాడాయన. "సాయంత్రం ఇంటికి నడిచి వెళ్దామా? దారంతా నేనే మాట్లాడతాను. మధ్యలో ఆగిపోతే ఏమీ అనుకోకు."

బీరువాలోంచి ప్రశ్నార్థకం తల బయటికొచ్చింది. "ఎవరింటికి సార్?"

శాఖాధిపతి కళ్ళు తుడుచుకుని, వ్యాసాలు చూడకుండానే కోర్సు ఉంచేశారు. సొంత సంసారం మీద రాసిన వ్యాసాలకు మార్కులు వెయ్యడం ధర్మం కాదని మేడమ్ వాటిని బయటి పరీక్షకురాలికి పంపింది. ప్రశ్నార్థకం ఉన్నదున్నట్టు, అందరినీ అడిగి సరిచూసుకుని మరీ రాసింది. దాని మీద మాత్రం ఆ పరీక్షకురాలు ఎర్ర సిరాతో మార్కులు కోసి, పక్కన ఇలా రాసింది: "జర్నలిజంలో కల్పన తగదు. ఇలాంటి భర్త ఉండడు."