మూడో కుర్చీ తరంగిణి

ఆ రోజు ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే పావుగంట ముందు ఆఫీసు చేరుకోవాలి, బ్యాగులోంచి కొత్త నేమ్‌బోర్డు తీసి బల్ల మీద పెట్టుకోవాలి, ఏమీ ఎరగనట్టు ఫోను ఎత్తాలి. అంతే. జానెడు పొడవున్న ఆ చెక్క బోర్డు మీద తెల్లటి అక్షరాలతో ‘తరంగిణి’ అని ఉంది. దాన్ని పాత తువ్వాలులో చుట్టి బ్యాగులో సర్దుతూంటే అత్తగారు చూడనే చూసింది.

"ఏంటమ్మా అది, పసిపిల్లని చుట్టినట్టు చుడుతున్నావు?"

"ఏం లేదత్తయ్యా, ఆఫీసు సామాను" అని కోడలు చెప్పుల్లో కాళ్లు దూర్చి బయటపడింది.

తరంగిణి ఆమె పేరు కాదు. అసలు పేరు తండ్రిగారి నాయనమ్మది. అడిగేవాళ్లు లేక అలాగే ఆమెకు సంక్రమించింది. ఆ పేరు వింటే మనిషి కనబడకముందే చేతికర్ర చప్పుడు వినిపిస్తుందని ఆమె బాధ. ఆస్పత్రిలో నర్సు ఆ పేరు పిలిచిందంటే చాలు, ఈమె లేచేలోపే పక్కన కూర్చున్న ముసలావిణ్ణి నలుగురూ పట్టుకుని లేవదీసేవాళ్లు. అది ఏ పేరో ఇక్కడ రాసి ఆమె ఉసురు పోసుకోవడం ఎందుకు?

ఆమె పనిచేసేది లిఫ్టులు తయారుచేసే కంపెనీలో. ఐదో అంతస్తులో ఫిర్యాదుల గది, అందులో మూడు కుర్చీలు, మూడు ఫోన్లు. లిఫ్టులో ఇరుక్కున్న మనిషి అసలే కంగారులో ఉంటాడు, వాడికి రోజుకో కొత్త పేరు చెప్పి ఇంకా కంగారు పెట్టకూడదని కంపెనీ పెట్టిన పెద్దాయన ముప్ఫై ఒక్కేళ్ల కిందట ఒక పద్ధతి పెట్టాడు. ఫోనులో చెప్పే పేరు మనిషిది కాదు, కుర్చీది. మూడో కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్లు తరంగిణి. రిజిస్టరులో సంతకం కూడా తరంగిణే. ఈమెకు ముందు ఇద్దరు తరంగిణులు వచ్చి వెళ్లారు. ఈమె పదకొండేళ్ల కిందట ఆ కుర్చీలో కూర్చుని, "నమస్కారమండీ, తరంగిణిని మాట్లాడుతున్నాను" అన్న మొదటి క్షణాన వెన్నెముక దానంతటదే నిటారుగా అయింది. ఆ తర్వాత రెండుసార్లు ప్రమోషన్ ఇస్తామన్నారు. కుర్చీ మారాలని తెలిసి రెండుసార్లూ వద్దంది. ఇంట్లో కారణం అడిగితే, పై పదవిలో నడుం నొప్పి వస్తుందట అని చెప్పింది.

బోర్డు పెట్టి, దాన్ని రెండుసార్లు అటూ ఇటూ జరిపి, ముచ్చటగా చూసుకుని, కోడలు సీసాలో నీళ్లు పట్టుకోవడానికి వెళ్లింది. కొత్త మేనేజరు సరిగ్గా అప్పుడే ఆ గదిలోకి తొంగిచూశాడు. ఆయన వచ్చి నాలుగు రోజులే అయింది. కొత్తగా వచ్చినవాళ్లకు ఉండే శ్రద్ధ ఆయనకు కాస్త ఎక్కువ మోతాదులో ఉంది. బోర్డు చూశాడు, ఖాళీ కుర్చీ చూశాడు, ఎవరీ తరంగిణి అనుకుని బీరువాలోని పాత రిజిస్టర్లన్నీ కిందికి మోయించుకుపోయాడు.

పదకొండు గంటలకు గోడ మీద నోటీసు వెలిసింది. ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా ఒక్క రోజు కూడా సెలవు పెట్టకుండా పనిచేసిన శ్రీమతి తరంగిణి గారి పదవీ విరమణ సభ ఈ సాయంత్రం నాలుగు గంటలకు ఫిర్యాదుల గదిలోనే జరుగుతుంది. వారి విరమణ వయసు ఎప్పుడో దాటిపోయినా గుర్తించనందుకు విచారిస్తున్నాము. చైర్మన్ గారు స్వయంగా వస్తారు. వారి గౌరవార్థం మూడో లైనునూ, తరంగిణి అనే పేరునూ రేపటి నుంచి శాశ్వతంగా విశ్రాంతికి పంపుతున్నాము.

"కొంప మునిగిందే తరంగిణీ" అంది ఒకటో కుర్చీ ఆవిడ.

కోడలికి ఆ మాటలో చివరి పిలుపు తప్ప మిగతాదేమీ వినిపించలేదు. తనను ఆ పేరుతో పిలిచే మనుషులు రేపటి నుంచి ఉండరన్నది ఒక్కటే తోచింది. ఐదంతస్తులూ మెట్ల మీద దిగి మేనేజరు గదికి వెళ్లింది. ఆయన బల్ల మీదా ఒక బోర్డుంది. దాని మీద మూడు పొడి అక్షరాలే ఉన్నాయి. అసలు పేరేమిటో ఎవరికీ చెప్పడట.

"సార్, ఆ పేరు గురించి ఒక మాట..."

"పేరు అంటే గుర్తొచ్చింది. నేను ఇదివరకు చేసిన చోట ఫోన్ల దగ్గర అందరూ దొంగ పేర్లు చెప్పుకునేవాళ్లండీ. వెళ్లిన వారంలోనే పీకి పారేశాను."

"పేర్లనా సార్, మనుషుల్నా?"

"రెండూ. సరే, మీరేదో చెప్పబోయారు."

చెప్పబోయిన మాట నోట్లోనే ఉండిపోయింది. దాని బదులు ఇంకోటి జారింది. "ఏం లేదు సార్, తరంగిణి గారు ఈ రోజు సెలవు."

"సెలవా!" మేనేజరు కుర్చీలోంచి లేచాడు. "ముప్ఫై ఒక్కేళ్లలో మొదటి సెలవు! ఒంట్లో ఎలా ఉందో ఏమో పాపం. నేనే కారు పంపిస్తాను. అడ్రసు చెప్పండి."

అబద్ధం మొదలుపెట్టడం వచ్చినంత సులువుగా దాన్ని నడిపించడం కోడలికి చేతకాదు. ఆ కంగారులో ఆమెకు గుర్తొచ్చిన అడ్రసు ప్రపంచంలో ఒక్కటే. అది చెప్పేసింది. చెప్పాక, ఆ టైములో ఆ ఇంట్లో ఉండే మనిషి ఎవరో కూడా గుర్తొచ్చింది. మెట్ల కింద నిలబడి ఇంటికి ఫోను చేసింది.

"అత్తయ్యా, మీరు ఒక్క గంటసేపు తరంగిణిగా ఉండాలి."

"ఎవరమ్మా ఆవిడ?"

"నేనే."

"మరైతే నువ్వే ఉండు."

"నాకు అరవై దాటలేదు కదత్తయ్యా!"

"నాకు మాత్రం దాటాయా?" అంది అరవై ఎనిమిదేళ్ల అత్తగారు.

కోడలు కాళ్లావేళ్లా పడినంత పని చేసింది. కారెక్కి రావాలి, కుర్చీలో కూర్చోవాలి, ఒక్కటంటే ఒక్క మాట చెప్పాలి. నాకింకా ఓపికుంది, రెండేళ్లు పొడిగించండి అనాలి. చైర్మన్ సరే అంటారు, పేరు నిలబడుతుంది, మర్నాటి నుంచి కోడలు ఎప్పట్లాగే ఫోను ఎత్తుతుంది.

"తరంగిణి..." అని అత్తగారు నెమ్మదిగా, రుచి చూస్తున్నట్టు అంది. "బాగుందే పేరు. అయినా పేరనేది పెట్టి నన్ను పిలిచినవాళ్లెవరు? పెళ్లయిన ఏడాది నుంచీ అమ్మా, వదినా, పిన్నీ, అత్తయ్యా. నా పేరేమిటో చెప్పమంటే నీ మొగుడు కూడా ఆలోచిస్తాడు. సరే, ఏ చీర కట్టుకోమంటావు?"

నాలుగింటికి గది కిటకిటలాడుతోంది. ఒకటో కుర్చీ ఆవిడ నోరు ఊరుకోక, ఫోను చేసినవాళ్లందరికీ తరంగిణి గారు వెళ్లిపోతున్నారని చెప్పింది. దాంతో పాత కస్టమర్లు కొందరు పూలగుత్తులతో దిగారు. వాళ్లలో సంగీతం మాస్టారు ఒకాయన ఉన్నాడు. వాళ్ల అపార్టుమెంటు లిఫ్టులో ఆరుసార్లు ఇరుక్కుని, ఆరుసార్లూ తరంగిణి గొంతు వింటూ బతికి బయటపడ్డవాడు. మేనేజరు అత్తగారి మోచెయ్యి పట్టుకుని అపురూపంగా నడిపించుకొచ్చాడు.

"వదులు బాబూ, నేనేం ముసలిదాన్నా?" అని ఆమె చెయ్యి విడిపించుకుని, మూడో కుర్చీలో కూర్చుంది. కూర్చోగానే వెన్ను నిటారుగా పెట్టింది. తలుపు దగ్గర నిలబడ్డ కోడలికి ఆ నిటారు ఎక్కడో చూసినట్టనిపించింది.

చైర్మన్ గారు ఎంతకీ రాలేదు. మేనేజరు ఉపన్యాసాన్ని సాగదీసి సాగదీసి చివరి కాగితం దాకా వచ్చాడు. అప్పుడు మూడో ఫోను మోగింది. కోడలు ఎత్తబోయింది.

"ఆగండి!" అన్నాడు మేనేజరు. "తరంగిణి గారి చివరి కాల్! అందరం విందాం." అంటూ స్పీకరు నొక్కాడు.

"హలో, ఎవరు?" అంది అత్తగారు.

"లిఫ్టు ఆగిపోయిందండీ! చీకటి! గాలాడటం లేదు!" అని మగ గొంతు ఒకటి గదంతా మారుమోగింది.

"గాలాడకపోతే ఇంత గట్టిగా ఎలా అరుస్తున్నావు? ముందు కూర్చో."

"ఎక్కడ కూర్చోవాలి?"

"నేలమీద. ప్యాంటు మాసిపోతే ఉతుక్కోవచ్చు."

"నాకవతల మీటింగుంది! నేనెవరో తెలుసా మీకు?"

"ఎవరైతే ఏంటి నాన్నా, ఆ సంగతి లిఫ్టుకి తెలియాలిగా. మధ్యాహ్నం ఏమైనా తిన్నావా?"

అవతల గొంతు కొంచెం తగ్గింది. "లేదండీ. టైము కుదర్లేదు."

"అదీ సంగతి. ఖాళీ కడుపుకి అన్నీ భయాలే. జేబులు వెతుకు, చాక్లెట్టో బిస్కెట్టో ఉంటుంది."

కాసేపటికి కాగితం చప్పుడు వినిపించింది. "ఉందండీ, పిప్పరమెంటు" అన్నాడాయన చిన్నపిల్లాడిలా.

"చప్పరించు. కొరక్కు, అయిపోతుంది. ఎక్కడున్నావో చెప్పు, మనిషిని పంపిస్తాను. ఇలాంటి లిఫ్టు చేసినవాణ్ణి అందులోనే పెట్టి తలుపెయ్యాలి."

"వేశారండీ" అన్నాడాయన దీనంగా. "నేను ఈ కంపెనీ చైర్మన్ని. మీ బిల్డింగులోనే, మూడుకీ నాలుగుకీ మధ్యలో ఉన్నాను."

సభకు వచ్చిన మెకానిక్కు చేతిలోని స్వీటు అక్కడే పడేసి మెట్ల వైపు పరిగెత్తాడు. అత్తగారు మాత్రం తొణకలేదు, బెణకలేదు. ఆ పావుగంటా చైర్మన్ గారి పిల్లల చదువులు, ఆయన మోకాలి నొప్పి, రాత్రి ఎన్నింటికి పడుకుంటారు అన్నీ కనుక్కుంది. చివరికి తలుపు తెరుచుకున్న చప్పుడైతే, "అప్పుడే వచ్చేశారా?" అన్నాడాయన.

ప్యాంటంతా దుమ్ముతో చైర్మన్ గదిలోకి వచ్చి నేరుగా మూడో కుర్చీ ముందు నిలబడ్డాడు. "తరంగిణి గారు మీరేనా?"

"అవును" అంది అత్తగారు. రెండేళ్లు పొడిగించమన్న ముక్క ఆమెకు గుర్తున్నట్టు లేదు.

"రిటైర్మెంటూ లేదు, గిటైర్మెంటూ లేదు. ఓపికున్నన్నాళ్లు ఈవిడే ఇక్కడ కూర్చుంటారు. రేపు ఉదయం నుంచి రండమ్మా."

పేరు నిలబడింది గానీ, కోడలికి కాదు. ఇక దాచి లాభం లేదని ముందుకు వచ్చింది. "సార్! తరంగిణిని నేను! పదకొండేళ్ల నుంచీ నేనే! ఈవిడ మా అత్తయ్య!"

"ఊరుకోండమ్మా" అన్నాడు సంగీతం మాస్టారు జాలిగా. "ఇందాక స్పీకర్లో విన్నాం కదా. ఆరుసార్లు నా ప్రాణం నిలబెట్టిన గొంతు, నాకు తెలియదా? నాది సంగీతం చెవి."

కోడలు కళ్లనీళ్లు పెట్టుకుని మొత్తం చెప్పేసింది. బోర్డు, నోటీసు, సెలవు, అడ్రసు, అన్నీ. మేనేజరు ముఖం ఎర్రబడింది. "అంటే ఇక్కడ కూడా దొంగ పేర్లేనా?" అంటూ లేచాడు.

"కూర్చోవయ్యా" అన్నాడు చైర్మన్. "దొంగ పేర్లు కావు, మా నాన్న పెట్టిన పేర్లు." తర్వాత కోడలి వైపు తిరిగి మెత్తగానే అడిగాడు. "అయితే తరంగిణి మీరంటారు. మీకా పేరు ఎలా వచ్చిందమ్మా?"

"ఈ కుర్చీలో కూర్చున్నాను కదండీ, అందుకని..." అంటూనే కోడలు ఆగిపోయింది. గదిలో అందరూ కుర్చీ వైపు చూశారు. కుర్చీలో అత్తగారు ఇంకొంచెం సర్దుకుని, బల్ల మీది బోర్డును తలుపుకు ఎదురుగా తిప్పింది.

"పిల్ల ఏడుస్తోంది, దానికీ ఏదో ఒకటి చూడండి బాబూ" అని చైర్మన్‌తో సిఫారసు కూడా చేసింది.

అలా నాలుగో కుర్చీ, నాలుగో లైను పుట్టాయి. వాటికింకా పేరు లేదు గనుక ఇష్టమైనది పెట్టుకొమ్మన్నాడు చైర్మన్. కోడలికి చిన్నప్పటి నుంచీ ఉన్న కోరిక అదే. ఇంటికి వచ్చి, భోజనం మానేసి, కాగితం నిండా పేర్లు రాసింది. రాసినవన్నీ కొట్టేసింది. ఒకటి సబ్బు పేరులా ఉంది. ఒకటి బళ్లో తనను గిల్లిన పిల్లది. ఇంకొకటి అద్భుతంగా ఉంది గానీ, పలకడం పూర్తయ్యేసరికి లిఫ్టులో మనిషికి స్పృహ తప్పేలా ఉంది. ఇన్నేళ్లూ ప్రపంచంలో తన పేరు తప్ప అన్నీ మంచి పేర్లే అనుకుంది. తీరా దుకాణం తెరిచి ఎంచుకోమంటే ఒక్కటీ ఒంటికి పట్టలేదు.

మర్నాడు ఇంకా ఆలోచిస్తూండగానే నాలుగో ఫోను మోగింది. "నమస్కారమండీ..." అని ఎత్తింది. తర్వాత ఏదో ఒకటి అనాలి. కంగారులో నోటికి వచ్చింది అనేసింది. వచ్చింది అసలు పేరు. అనేశాక కళ్లు గట్టిగా మూసుకుని నవ్వు కోసం ఎదురుచూసింది.

"ఇదిగో చూడండి" అని అవతలి మనిషి ఆ పేరు పక్కన ‘గారూ’ చేర్చి పిలిచాడు. "ఆరుగురం ఇరుక్కున్నామిందులో. ఒకాయనకి తుమ్ములాగట్లేదు. ఫోను పెట్టెయ్యకండి, మీకు పుణ్యముంటుంది."

ఆమె పెట్టలేదు. ఆ పావుగంటలో అతను ఆ పేరును ఇరవైసార్లు పిలిచి ఉంటాడు, ఒక్కసారీ నవ్వలేదు. లిఫ్టులోంచి బయటపడ్డాక పనిగట్టుకుని మళ్లీ చేసి, అదే పేరు పెట్టి థాంక్సు చెప్పాడు. కోడలికి సంతోషం వేసింది, ఆ వెంటనే కొంచెం సిగ్గూ వేసింది. రిజిస్టరు దగ్గరికి లాక్కుని, పదకొండేళ్లలో మొదటిసారి సొంత సంతకం పెట్టింది. చెయ్యి అలవాటు తప్పి అక్షరాలు కాస్త వంకర పోయాయి.

పక్క బల్ల దగ్గర అత్తగారు ఎవరినో, ఇరుక్కుంటే ఇరుక్కున్నావు గానీ ఆ లిఫ్టు గోడల మీద రాతలు రాసిందెవరో చెప్పమని గట్టిగా నిలదీస్తోంది. ఆమెకు కంపెనీలో పేరు రోజురోజుకీ పెరుగుతోంది. కాకపోతే ఇంట్లోనే చిన్న ఇబ్బంది. అత్తయ్యా అని పిలిస్తే ఇప్పుడు ఆ ఇంట్లో పలికేవాళ్లు లేరు.