హరిణి బదులు మమత

ఒకరి పని ఇంకొకరు చేయడానికి మన దేశంలో ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఒక్క బేస్‌బాల్‌లో తప్ప. ఆ ఆటలో దానికి నిబంధనలున్నాయి, ఉపనిబంధనలున్నాయి, అవి అర్థం కానివాళ్ళకు విడమరిచి చెప్పే అధికారులున్నారు (వాళ్ళకూ అర్థం కావు, అది వేరే సంగతి).

ధర్మవరంలోని ఒక బాలికల హైస్కూల్లో హేమలత డ్రాయింగ్ టీచరు. ఆటల మాస్టారు బదిలీ మీద వెళ్ళిపోయాక ఆ పని కూడా ఆమె మెడకే చుట్టారు. చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి విజిల్ కూడా పట్టుకోగలదని పైవాళ్ళ నమ్మకం. హేమలత మొండిమనిషి. నచ్చని పనైనా సగంలో వదలదు. ఆట నియమాల పుస్తకం తెప్పించుకుని, తాను నేర్చుకుని, పిల్లలకు నేర్పి, ఆ జట్టును డివిజన్ ఫైనల్ దాకా లాక్కొచ్చింది. ఇది గెలిస్తే జట్టంతా రాష్ట్ర పోటీలకు పోతుంది. ఆమెకు కావలసింది అదొక్కటే.

ఆ జట్టులో హరిణి అని ఒక పిల్ల ఉంది. ఆమె బంతి విసిరితే అవతలి వాళ్ళ బ్యాటుకు గాలి తప్ప ఇంకేమీ తగలదు. అదే హరిణి చేతికి బ్యాటు ఇస్తే కళ్ళు మూసుకుంటుంది. మమత అని ఇంకో పిల్ల ఉంది. ఆమె కొడితే బంతి వెతకడానికి పక్క వీధికి మనిషిని పంపాలి. తన వైపు బంతి వస్తే మాత్రం, పెద్దవాళ్ళెవరో ఎదురొచ్చినట్టు పక్కకు తప్పుకుని దారి ఇస్తుంది.

సరిగ్గా ఇలాంటి ఇద్దరి కోసమే డెసిగ్నేటెడ్ హిట్టర్ అనే నిబంధన పుట్టింది. విసిరే పిల్ల విసురుతుంది. ఆమె వంతు బ్యాటింగ్ ఇంకో పిల్ల చేస్తుంది. ఆ ఇంకో పిల్ల మాత్రం విసిరే చోటుకు వెళ్ళకూడదు. వెళ్ళిందా, ఆ ఆటకు ఆ సదుపాయం రద్దు. అటుపైన ఇద్దరిలో ఒక్కతే ఆడాలి. విసరడమైనా కొట్టడమైనా ఆ ఒక్కతే చూసుకోవాలి.

ఇటు ధర్మవరానికీ అటు ఎదుటి జట్టు ఊరైన హిందూపురానికీ నడుమ ఉందని ఫైనల్ పెనుకొండలో పెట్టారు. ముఖ్య అతిథి రాలేదు. ఆయన బదులు ఆయన బామ్మర్ది వచ్చి, ఆయన కోసం రాసిన ప్రసంగమే చదివి, ‘మా బామ్మర్ది సహకారంతో’ అన్న చోట ఒక్క క్షణం ఆగి, ముందుకు సాగాడు. అంపైరు ఓటర్ల జాబితా పని మీద పోయాడు గనుక కబడ్డీ మాస్టారు నారాయణ అంపైరయ్యాడు. వీళ్ళందరి మీదా డివిజన్ స్థాయి క్రీడా ప్రత్యామ్నాయ పర్యవేక్షణాధికారి (ఇన్‌చార్జి) శేషగిరి షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. అసలు అధికారి ఇందిరమ్మ సెలవులో ఉంది. శేషగిరి చెడ్డవాడు కాదు. ఆయనకు నిబంధనలంటే భక్తి, మనుషులంటే ద్వేషమేమీ లేదు.

ఆఖరి ఇన్నింగ్స్ దాకా స్కోరు సమానం. హిందూపురం వాళ్ళు బ్యాటింగుకు దిగారు. హరిణి విసరబోతుండగా ఆమె ఎడమ బూటు అడుగు ఊడి నోరు తెరిచింది. అంపైరును ఒక్క నిమిషం అడిగి, తాడుతో కట్టుకోవడానికి బెంచీ దగ్గరకు పరిగెత్తుకొచ్చి, బంతిని మమత చేతిలో పెట్టింది. మమత నేరుగా వెళ్ళి హరిణి చోట నిలబడింది.

ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాళ్ళెవరైనా అదే చేస్తారు. నీళ్ళకో అన్నానికో ఒకరు మగ్గం గుంటలోంచి లేస్తే, పోగును అటూ ఇటూ నడిపే నాడె ఇంకొకరి చేతికొస్తుంది, ఆ ఇంకొకరు గుంటలోకి దిగుతారు. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. కబడ్డీలో ఇన్నేళ్ళూ కాళ్ళే చూసిన నారాయణ, నిలబడిన పిల్ల ముఖం చూడకుండా చెయ్యి ఊపి ఆట మొదలన్నాడు.

హిందూపురం కోచ్ ప్రసాద్ లేచాడు. “ఏమప్పా నారాయణా, ఆడ నిలబడుకోనుండే పిల్ల యవురు?”

శేషగిరి కుర్చీ దిగి మైదానం మధ్యకు నడిచొచ్చాడు. “ఏమ్మా, నువ్వెందుకు నిలబడితివి ఈడ?”

“మా ఇంట్లో యవురన్నా లేస్తే గుంట ఖాళీగా పెట్టం సార్,” అంది మమత.

“ఇది మగ్గం కాదు గదమ్మా. మగ్గానికైతే నిబంధనల్లేవు.”

హేమలత ఉరికొచ్చింది. “సార్, ఆ పాప ఒక్క బంతి కూడా వేయలేదు. ఊరికే నిలబడుకోనుండాది.”

“నిలబడితే ఆడినట్టే మేడం,” అన్నాడు శేషగిరి, చాలా మర్యాదగా. “ఇంక ఇద్దర్లో ఒకరే. యవురో మీరే చెప్పండి.”

మమత విసిరితే హిందూపురం వాళ్ళు పొద్దుగూకేదాకా పరుగులు తీస్తారు. హరిణి కొడితే కొట్టనట్టే. హేమలత హరిణి పేరే చెప్పింది. “నేనేం జేస్తిని మేడం?” అని మమత అడిగింది. ఆ పిల్ల బెంచీ చివర తలొంచుకుని కూర్చుంది.

హరిణి హిందూపురాన్ని ఒక్క పరుగూ తీయనివ్వలేదు. ధర్మవరం బ్యాటింగుకు వచ్చింది. ఇద్దరు ఔటయ్యారు, ఒక పిల్ల మూడో బేసు దాకా చేరి ఆగింది. ఆమె ఇంటికి, అంటే బ్యాటు పట్టే చోటికి, తిరిగి చేరితే గెలుపే. బ్యాటింగ్ వంతు ఎవరిదో చెప్పనక్కర్లేదు. హరిణి బ్యాటు పట్టుకుని, అప్పుడే కళ్ళు మూసుకోవడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడు శేషగిరికి ఫోనొచ్చి షామియానా వెనక్కు వెళ్ళాడు. హిందూపురం జట్టులో ఆడుతున్న మేనకోడలిని చూడ్డానికి వచ్చిన ఇందిరమ్మ, ఎండగా ఉందని ఖాళీ కుర్చీలో కూర్చుంది. హేమలత అది చూసింది. ఆమెకు ఒళ్ళు మండిపోతోంది. మండుతున్నప్పుడే ఆమె బుర్ర బాగా పనిచేస్తుంది. శేషగిరి ఫోను ముగించి రాగానే ఎదురెళ్ళింది.

“సార్, మీరు లేస్తిరి, మేడం కూచునిరి. నిలబడితే ఆడినట్టయితే, కూచుంటే ఏమైనట్టు?”

“నేను ఎండకు కూచుంటినమ్మా,” అంది ఇందిరమ్మ. “సెలవులో ఉండాను.”

ఇంకో అధికారైతే నవ్వి కొట్టిపారేసేవాడు. శేషగిరి చాలాసేపు ఆలోచించాడు. “హేమలత మేడం చెప్పింది న్యాయమే,” అన్నాడు చివరికి. “అసలు అధికారి కుర్చీలోకొస్తే ఇన్‌చార్జి రద్దు.” అసలు అధికారి డ్యూటీలో చేరితే గానీ నోరు తెరవడానికి వీల్లేదు. శేషగిరి నియమించిన అంపైరు కూడా ఆయనతోపాటే రద్దు. నారాయణ విజిల్ జేబులో వేసుకున్నాడు. బామ్మర్ది, ముందుజాగ్రత్తగా, తన కుర్చీలోంచి తానే లేచి నిలబడ్డాడు.

“అట్లయితే మమతను తీసేసిందీ రద్దే గదా సార్?” అంది హేమలత, గెలిచినట్టే అనుకుంటూ.

“రద్దని చెప్పేదానికి నేను లేను గదా మేడం.”

ఈ చర్చ ఒక్క ముక్క కూడా మైదానం మధ్యలో ఉన్న సుమకు వినపడలేదు. ఆమె హిందూపురం తరఫున బంతి విసిరే పిల్ల. చాలాసేపు ఎదురుచూసింది, ఇంక చేతులు నొప్పి పుట్టి విసిరేసింది. హరిణి కళ్ళు గట్టిగా మూసుకుని బ్యాటు తిప్పింది. ఠంగుమని మోగింది. బంతి అందరి నెత్తిమీదుగా వెళ్ళి గ్రౌండు గోడ దాటింది. మూడో బేసు పిల్ల ఇంటికి చేరింది. మమత బెంచీ మీంచి ఒక్క దూకు దూకి హరిణిని వాటేసుకుంది.

“తగిలిందా?” అంది హరిణి. అప్పటికింకా కళ్ళు తెరవలేదు.

హేమలతకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆ సంతోషం ప్రసాద్ నడిచొచ్చేదాకా ఉంది.

“కొట్టింది నేనూ చూసినా మేడం, లేదనను. అయితే చూసినట్టు చెప్పే అధికారం ఉండేవాళ్ళు యవురుండారు ఈడ?”

హేమలత శేషగిరి వైపు తిరిగింది.

“నేను ఊరికే జనంలో ఒకడిగా చూసినా మేడం,” అన్నాడాయన బాధగా. “పాప బాగా కొట్టింది.”

వారం తిరగకుండా కమిటీ తీర్పు వచ్చింది. విసిరే చోట నిలబడినందుకు ధర్మవరం తప్పు. అంపైరు లేనప్పుడు బంతి విసిరినందుకు హిందూపురం తప్పు. రాష్ట్ర పోటీలకు డివిజన్ తరఫున ఎవరో ఒకరు వెళ్ళాలి గనుక, ఇద్దరి బదులు పెనుకొండలోనే ఇంకో హైస్కూలు పిల్లలను పంపుతున్నారు. ఈ డివిజన్‌లో బేస్‌బాల్ నిబంధన ఒక్కటీ ఉల్లంఘించనిది వాళ్ళేనని, ఎందుకంటే వాళ్ళు ఆ ఆట ఎన్నడూ ఆడలేదని, కమిటీ అభినందించింది కూడా. ఆ స్కూల్లో ఆటల టీచరు లేనందువల్ల శిక్షణ బాధ్యత హేమలతకు అప్పగించారు.

హేమలత సోమవారం పొద్దున్నే ప్యాసింజర్ రైలెక్కి పెనుకొండలో దిగింది. కొత్త జట్టు క్రమశిక్షణగా వరసలో నిలబడి ఉంది. అందరూ బూట్లు తుడుచుకుని వచ్చారు. వాళ్ళలో పొడుగ్గా ఉన్న పిల్ల, చంకలో వాలీబాల్‌తో, చెయ్యెత్తింది.

“మేడం, నెట్టు యాడ కట్టల్ల?”