మామయ్య బటన్ ఫోను, మా మార్కాపురం హనీమూన్

అడగకుండా సేవ చేసేవాళ్లు ఈ రోజుల్లో ఎవరున్నారు చెప్పండి? ఒక్క ఫోన్ కంపెనీ తప్ప!

మాకు పెళ్లయి నాలుగు నెలలు. ఈ నాలుగు నెలలూ నా కాపురం ఇంత కమ్మగా సాగిందంటే ఆ ఘనత మా ఆయనది కాదు. మా అత్తది కాదు, మామయ్యది అసలే కాదు. మామయ్య బటన్ ఫోనుకు, ఆయన కోరకుండానే, పద్నాలుగు రకాల సేవలు తగిలించిన ఆ మహానుభావుల కంపెనీది. పేరు చెప్పను. దిష్టి తగులుతుంది.

అక్కర్లేని సేవలు ఆపించుకోలేక జుట్టు పీక్కుంటున్నవాళ్లు మీలో సగం మంది ఉంటారని నాకు తెలుసు. పీక్కోకండి! అవి మీ అదృష్టం. ఎలాగో చెబుతాను, వినండి.

మా మామయ్య ఎర్రయ్యకు డెబ్భై గొర్రెలు. గిద్దలూరు దాటి కొండ కిందికి వస్తే మా ఊరు. పొద్దున్నే సద్ది మూట, చేతికర్ర, మొల మడతలో ఫోను పెట్టుకుని మందను తోలుకుపోతే, మళ్లీ ఇంటికి చేరేది పొద్దు వాలాకే. ఒంట్లో షుగరు ఉంది. కిందటేడు ఎండకు కళ్లు తిరిగి కొండ మీద కూలబడ్డప్పుడు ఆ ఫోను ఉండబట్టే మాకు దక్కాడు. అప్పటినుంచి మా అత్త రంగనాయకమ్మది ఒకటే పట్టు.

"ఫోను లేకుండా కొండకు పోయినావంటే ఆ పొద్దు నేను మెతుకు ముట్టను, చూసుకో."

అయితే మామయ్య ఫోను ఎత్తడు. ఎత్తడమంటే ఆయన లెక్కలో దుబారా. మా ఇంటిదంతా మిస్డ్ కాల్ భాష. ఇంటి నుంచి ఒకసారి మోగి ఆగిందంటే, బాగున్నావా అని. ఆయన తిరిగి ఒక రింగు ఇచ్చాడంటే, బాగున్నానని. వెంటవెంటనే రెండుసార్లు మోగిందంటే, ఉన్నపళాన ఇంటికి రమ్మని. అటునుంచి రెండు వచ్చాయంటే మనం కొండకు పరిగెత్తాలి. అంతే! డిగ్రీ మూడేళ్లు చదివిన నాకు ఇది నేర్చుకోవడానికి మూడు నిమిషాలు పట్టింది.

ఇక ప్లాను సంగతి. మామయ్యకు కావలసింది రింగులొక్కటే. ఆ మాటే గిద్దలూరులో రీచార్జ్ దుకాణం వెంకటసుబ్బయ్యతో చెప్పాడు.

"ఉత్త మాటల ప్లాను యాడుంది మామా ఇప్పుడు? రోజుకు ఒకటిన్నర జీబీ డేటా కూడా వస్తది. ఊరికేనే, తీసుకో."

"అది నా ఫోన్లో పడుతుందా?"

"పడతది గానీ, నీకు దాంతో పనుండదు."

"మరి మిగిలింది ఏం జేస్తారు? పాలు మిగిల్తే తోడేస్తాం. ఇది మిగిల్తే ఏం జేస్తారు మీరు?"

వెంకటసుబ్బయ్య రీచార్జ్ చేసి పంపేశాడు. ఈ ప్రశ్నకు పెద్ద పెద్ద ఇంజనీర్ల దగ్గరైనా జవాబు ఉంటుందని నేననుకోను.

కానీ ఆ డేటా వృథా పోలేదండీ! ఫోను మధ్యలో ఒక పెద్ద బొత్తాం ఉంటుంది. మామయ్య గట్టు ఎక్కినప్పుడల్లా మొల మడతలో అది నొక్కుకుంటుంది. ఒక నొక్కుకు కంపెనీ వాళ్ల సేవల అంగడి తెరుచుకుంటుంది. ఇంకో నొక్కుకు 'సరే' అన్నట్టు. అట్లా కొండెక్కుతూ దిగుతూ మా మామయ్య క్రికెట్ స్కోర్లు, రాశిఫలాలు, ప్రేమ చిట్కాలు, రోజుకొక ఇంగ్లీషు ముక్క, సౌందర్య రహస్యాలు అన్నీ సంపాదించేశాడు. వాటికి కోసుకునే పైసల మాట నేను ఎత్తను. సేవకు వెల కడతామా?

సాయంత్రం కాగానే ఆ మెసేజీలు చదివి వినిపించడం నా పని. కొత్త కోడలికి మామగారితో మాట కలపడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉంటుందా?

"మామయ్యా, పడుకునే ముందు ముఖానికి టమాటా రసం రాస్తే నిగారింపు వస్తుందట."

"నాకా, గొర్రెలకా?"

"ఎవరికైనా పరవాలేదనుకుంటా."

"అది సరేనమ్మా, రేపు వాన పడతదో పడదో చెప్పమను. అదొక్కటి చాలు."

అదొక్కటే లేదు. పద్నాలుగు సేవల్లో వాన లేదు!

కాలర్ ట్యూన్ మేలు వేరే చెప్పాలి. మామయ్యకు ఫోన్ చేసినవాళ్లకు ఒక పడుచుపిల్ల రాగం తీస్తూ ప్రియా రావా అని పిలుస్తుంది. అత్త మొదటిసారి విన్నప్పుడు ఫోను చెవి దగ్గరనుంచి తీసి, తిప్పి చూసి, మళ్లీ పెట్టుకుంది. ఆ సాయంత్రం మామయ్య గడపలో కాలు పెట్టగానే అడిగింది.

"ఎవుర్తయ్యా అది?"

"ఎవురు?"

"పాడేది! ముప్పై రెండేళ్లయింది నీ మొగం చూడబట్టి. ఒక్కనాడన్నా నాకొక కూనిరాగం తీసినావా?"

అత్త రెండు రోజులు అలిగింది. మూడోనాడు మామయ్య కొండ మీదనుంచి సీతాఫలాలు తెచ్చి వంటింటి గడప మీద పెట్టాడు. ముప్పై రెండేళ్ల కాపురంలో ఇలాంటి వసంతం ఏ పెళ్లిళ్ల పేరయ్య తెచ్చిపెడతాడు?

చిక్కల్లా కంపెనీ ఫోన్లతో వచ్చింది. వాళ్లు ఒకసారి చేసి ఎత్తకపోతే వెంటనే రెండోసారి చేస్తారు. అంత ప్రేమ! మామయ్యకు తెర మీద అంకెలు ఆనవు. రెండుసార్లు మోగిందంటే ఇంటికి రమ్మనే కదా! ఒక మిట్టమధ్యాహ్నం డెబ్భై గొర్రెలు వీధంతా దుమ్ము లేపుకుంటూ వచ్చాయి. వెనకాల మామయ్య, చెమటతో, రొప్పుతూ.

"ఎవురికేమైంది? ఎవురికి?"

ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన రాశికి ప్రయాణ యోగం ఉందని చెప్పడానికి కంపెనీ పిలిచిందంతే. చూశారా, ఎంత నిజమైందో! గంట తిరగకుండా మూడు మైళ్లు ప్రయాణం చేశాడు.

ఆ వారంలోనే ఇంకోసారి పరిగెత్తుకొచ్చాడు. ఆ సాయంత్రం ఫోను తీసి గోడకున్న చిలక్కొయ్యకు తగిలించాడు.

"ఇది అబద్ధాలు చెప్తాంది. నేను తీసకపోను."

అత్త ఏడుపు, మామయ్య మొండి. చివరికి అత్త మా ఇద్దరినీ పిలిచింది.

"సుమనూ, ఆ గోలంతా ఆపించుకొని రాండ్రా. అది ఊరికే మోగకుండా ఉంటేనే మీ నాయన కొండకు తీసకపోతాడు. ఆయన తీసకపోయేదాకా నా పానం పానంలో ఉండదు."

ఆపాలంటే గిద్దలూరులో కుదరదట. మార్కాపురంలో కంపెనీ స్టోరుకు పోవాలట. మా ఆయనకు మోటార్లు చుట్టే పని. మంగళవారం సెలవు. వెళ్లాం!

పాఠకులారా, ఇక్కడ మీరు నన్ను అర్థం చేసుకోవాలి. పెళ్లయిన కొత్తలో ఊటీ పోయినవాళ్లుంటారు, అరకు పోయినవాళ్లుంటారు. మేం పెళ్లయిన మర్నాటి నుంచి దొడ్డి ఊడ్చి, గడ్డి మోసి, పక్కపక్కన కూర్చోవడమే ఎరగం. ఇంట్లో నలుగురి ముందు ఆయన నన్ను పేరు పెట్టి పిలవడానికే సిగ్గుపడతాడు. అలాంటిది ఆ మంగళవారం బస్సులో ఇద్దరు కూర్చునే సీటు! కిటికీ నాది. కంభంలో బస్సు ఆగితే వేడి వేడి మిరపకాయ బజ్జీలు. మార్కాపురంలో నేను చదివిన కాలేజీ గేటు చూపించాను. ఆయన దాన్ని తాజ్ మహల్ చూసినట్టు చూశాడు. ఒక చెరుకురసం, రెండు గ్లాసుల్లో పోయించుకుని తాగాం.

స్టోరులో ఆధార్ కార్డు తెమ్మన్నారు. తేలేదు. ఎంత దయ! రెండో మంగళవారం తెచ్చాం. సర్వర్ లేదన్నారు. నేను ఆ సర్వర్‌కు మనసులోనే దండం పెట్టుకున్నాను. ఆ రోజు ఆయన నాకు రెండు మూరల మల్లెపూలు కొని, తన చేత్తో తలలో పెట్టబోయి, బస్టాండులో జనాన్ని చూసి నా చేతిలో పెట్టాడు.

మూడో మంగళవారం కౌంటర్ దగ్గర స్టెల్లా అనే అమ్మాయి కూర్చుంది. మా గోడు మొత్తం విని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"అక్కా, ఊరికే ఎందుకు తిరుగుతారు? ఫోనుకు డేటా ఆపేస్తే ఆ అంగడి తెరుచుకోదు. ఈ నంబరుకు చేసి నేను రాసిచ్చినట్టు నొక్కితే ఉన్న సర్వీసులన్నీ పోతాయి, ఆ కాల్స్ కూడా రావు. ఐదు నిమిషాల పని. ఇంట్లోనే చేసుకోవచ్చు."

కాగితం మీద అంతా రాసిచ్చింది. బంగారు తల్లి.

బస్సెక్కాం. ఆ కాగితం నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. కంభం దాటాక ఆయన కిటికీలోంచి చూస్తూ అన్నాడు.

"ఇంక మార్కాపురం పనేముంది మనకు?"

"ఏం లేదు."

"అయితే... వచ్చే మంగళవారం కూడా సర్వర్ ఉండదేమో కదా?"

"ఉండకపోవచ్చు" అన్నాను.

ఉండలేదు. దాని పై మంగళవారమూ ఉండలేదు. అత్త అడిగితే సర్వర్ అన్నాం. ఆ మాట ఆమెకు అర్థం కాదు. అర్థం కాని మాట ఎంత సుఖమో నాకప్పుడే తెలిసింది. ఫోను చిలక్కొయ్యకే వేలాడుతూ ఉంది. అత్త రోజూ కొండవైపు చూస్తూ అన్నం కెలికి వదిలేస్తూ ఉంది. నేను అది చూశాను. చూసి, వచ్చే మంగళవారం ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచించాను.

అయిదో మంగళవారం సాయంత్రం మేం బస్సు దిగేసరికి గొర్రెలు ఇంటికి వచ్చేసి ఉన్నాయి. మామయ్య రాలేదు.

అత్త వీధిలో నిలబడి ఉంది. చేతిలో చిలక్కొయ్య ఫోను పట్టుకుని ఉంది.

ఇంకా వెలుతురు ఉండగానే సుమన్, పక్కింటి అంకన్న పరిగెత్తారు. వాగు దగ్గర రాయి జారి, మడమ తిరిగి, మధ్యాహ్నం నుంచి అక్కడే కూర్చుని ఉన్నాడట మామయ్య. కేకలేసి గొంతు పోయిందట. సద్దిలో మిగిలిన రాగిముద్ద తిని షుగరు దిగకుండా కాచుకున్నాడట. వాళ్లిద్దరూ మోసుకొచ్చి మంచం మీద దించితే, నన్ను చూసి నవ్వాడు.

"రెండు రింగులిద్దామని మొల తడుముకున్నానమ్మా. యాడుంది?"

నేను లోపలికి వెళ్లి హ్యాండ్‌బ్యాగు తీశాను. డేటా ఆపాను. స్టెల్లా రాసిచ్చిన నంబరుకు చేసి, ఆమె చెప్పినట్టే నొక్కాను. పద్నాలుగు సేవలూ ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాయి. ఐదు నిమిషాలని ఆమె ఎందుకు చెప్పిందో తెలియదు. నాకు నాలుగే పట్టింది.

ఆ నాలుగు నిమిషాల కోసం రెండు వారాలు ఆగామని చెప్పేశాం. సుమన్ మొదలుపెట్టాడు, మిగతాది నేను చెప్పాను. చెరుకురసంతో సహా. మల్లెపూలతో సహా.

అత్త మామయ్య మడమకు వెచ్చటి ఉప్పు మూట కాపడం పెడుతోంది. చెయ్యి ఆగింది. తల మాత్రం ఎత్తలేదు.

"మార్కాపురం పోయొస్తామత్తా అని అడిగితే, నేను వద్దంటినా రేణుకా?"

అడగలేదు. అడగాలనే ఆలోచనే రాలేదు.

"నన్నడిగితే నేనే తరిమేటోణ్ని" అన్నాడు మామయ్య. "పెండ్లయినంక బస్సెక్కాలని ఎవురికుండదు? మీ అత్తను నేను కంభం దాటించలేదని ఇప్పటికీ తిడతాంది."

"తిట్టనా మరి?" అంది అత్త. కాపడం మళ్లీ మొదలైంది, ముందుకంటే కొంచెం గట్టిగా. మామయ్య అబ్బా అన్నాడు.

మర్నాడు ఆయన మంచం మీదే. ఫోను ఆయన దిండు పక్కనే. రోజంతా ఒక్కసారి కూడా మోగలేదు. ఆయన దాన్ని అప్పుడప్పుడూ చేతిలోకి తీసుకుని, బుద్ధి వచ్చిన పిల్లాడిని చూసినట్టు చూశాడు. మడమ తగ్గగానే కొండకు తీసుకుపోతానని, అత్త అడగకముందే చెప్పాడు. ఆ పూట అత్త రెండుసార్లు అన్నం వడ్డించుకుంది.

నాకు మాత్రం ఒక్కటి తేలలేదు. అంకెలు ఆనని మనిషి మొలలో బొత్తాం నొక్కుకుంటే అది ఒప్పుకున్నట్టు ఎట్లా అయింది? ఒక్క మనిషి, ఒక్కసారి, పెద్దాయనా ఇది కావాలా అని అడిగాడా? ఆ ఒక్క ముక్క కనుక్కుందామని నా ఫోను నుంచి కంపెనీకి చేశాను. మా వల్ల మామయ్యకు జరిగింది మేం ఆయన మంచం పక్కన నిలబడి ఒప్పుకున్నాం. వాళ్లకూ అవకాశం ఇవ్వాలి కదా!

మూడు రోజులుగా ప్రయత్నిస్తున్నాను. ఇప్పుడు కూడా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఇది రాస్తున్నాను. సన్నాయి వాయిస్తున్నారు. మధ్యమధ్యలో ఒక తీయటి గొంతు వచ్చి, నా కాల్ తమకెంతో ముఖ్యమని చెప్పి వెళ్తోంది.