మీసానికి పడ్డ హాజరు

శుక్రవారం పొద్దున శ్రీలత టీచరు వేసుకున్న ప్రణాళికలో ఎవరినీ ఇబ్బంది పెట్టేదేమీ లేదు. పాఠం పేరు 'మన వృత్తులు'. పిల్లలు ఇంటి దగ్గరే వేషాలు వేసుకొస్తారు, తమ పని గురించి తలా నాలుగు మాటలు చెబుతారు, ఆమె ఫోన్‌లో వీడియో తీసి తరగతి గోడమీది పెద్ద తెరపై చూపిస్తుంది. నెక్కొండ దగ్గరి ఆ చిన్న బడికి తెర వచ్చి ఏడాదైంది. అందులో పది నెలలు అది దుప్పటి కప్పుకునే ఉంది.

కప్పింది హెడ్మాస్టరు వెంకట్రాజం గారు. వాడకపోతే ఏ వస్తువూ చెడిపోదని ఆయన నమ్మకం. శ్రీలత వెంటపడి వెంటపడి శుక్రవారాలకు మాత్రం ఒప్పించింది. అదీ షరతు మీద.

"ఒక్క కంప్లైంట్ వచ్చిందనుకోండ్రి మేడం, మీ ఆటపాఠం బంద్. దుప్పటి మళ్ల కప్పుడే."

శ్రీలతకు ఆ శుక్రవారాలంటే ప్రాణం. వారమంతా నోరు విప్పని పిల్లలు ఆ ఒక్కరోజు మాట్లాడేవాళ్లు.

ఆ పొద్దున వెంకట్రాజం గారు గేటు దగ్గర స్కూటర్ దిగకుండానే, "మండల ఆఫీసుల జర పనున్నది. పదిలోపు వచ్చి యాప్‌కు ముఖం చూపిస్త" అని వెళ్లిపోయారు. కొత్త లాల్చీ, అత్తరు వాసన చూస్తే అది నెక్కొండలో మేనల్లుడి గృహప్రవేశమని ఎవరికైనా తెలుస్తుంది.

బడిలో ఉన్నది ఇరవై ఇద్దరు పిల్లలు. ముఖం చూసి హాజరు వేసే యాప్ పదింటికి మూతపడుతుంది. శ్రీలత ట్యాబ్ పట్టుకుని వరసగా నిలబెట్టింది. గడ్డం పెట్టుకున్న డ్రైవరును యాప్ 'గుర్తించలేదు' అంది. మాస్కు తీసేసిన నర్సు మొహం నిండా పౌడరు, ఆమెనూ గుర్తించలేదు. కానిస్టేబులు పవన్ మీసం తడిగుడ్డతో తుడిస్తే కాటుక చెంపల దాకా పాకింది. దాంతో పవన్ తనకు తానే గుర్తుపట్టరానట్టు తయారయ్యాడు.

మిగతావాళ్లదీ అదే కథ. చివరన మూడో తరగతి అక్షర వచ్చింది. వేషం హెడ్మాస్టరుది. నాయనమ్మ సమ్మమ్మ దిద్దిన మీసం, తాత కళ్లద్దాలు, మెడలో కండువా, ఎవరిమీదో తెలియని కోపం. ట్యాబ్ టింగుమంది. 'వెంకట్రాజం, ప్రధానోపాధ్యాయులు. హాజరు, 9:40.'

"మేడం, నాకు పడ్డదా?"

"పడ్డది బిడ్డా. కానీ నీకు కాదు."

రద్దు చేసే మీట దొరక్క, ఎంత తుడిచినా పిల్లల మొహాల రంగు వదలక శ్రీలత తంటాలు పడుతుండగానే పదైంది. బడికి వచ్చిన టీచర్లు ఇద్దరు, పిల్లలు సున్నా అని లెక్క తేల్చి, యాప్ ఇరవై రెండు ఇళ్లకు మెసేజ్ పంపింది: 'మీ బిడ్డ ఈ రోజు బడికి రాలేదు.'

పావుగంటలో మొదటి ట్రాక్టరు వచ్చింది. కేసముద్రం మార్కెట్‌కు మక్కజొన్నలు తీసుకుపోతున్న కట్టయ్య సగం దారిలోంచి బండి తిప్పాడు. మక్కల బస్తాల మీద దారిలో ఎక్కిన ఏడుగురు తల్లిదండ్రులున్నారు.

"మేడం, మా పవన్ బడికే రాలేదట. పొద్దుగాల్నే తయారైండని మా ఆమె చెప్తాంది. యాడికి వోయిండు?"

పవన్ ఆయన మోకాళ్ల దగ్గరే ఉన్నాడు. "నేనే నాయినా."

"నువ్వాగు బిడ్డా, పెద్దోళ్లం మాట్లాడుతానం" అన్నాడు కట్టయ్య.

శ్రీలతకు యాప్ మీద కోపం కొంత తగ్గింది. కానీ వెనకే పత్తి చేనులోంచి సమ్మమ్మ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి, అక్షరను గట్టిగా పట్టుకుని ఏడ్చేసరికి ఆమెకు మనసు చివుక్కుమంది. "చెర్వు కాడ సుత చూసొచ్చిన టీచరమ్మా" అంది సమ్మమ్మ. మీసం సగం ఆమె చీరకు అంటుకుంది.

ఇంతలో మండల విద్యాధికారి చంద్రమౌళి ఫోన్. "పిల్లలు ఒక్కరు లేరు, హెడ్మాస్టర్ ఉన్నడు. బళ్లె ఏం చేత్తాండు? ఆయనకు ఫోనియ్యుండ్రి."

"సార్ క్లాసుల ఉన్నరు సార్" అంది శ్రీలత. కండువా సర్దుకుంటున్న అక్షర నిజంగానే తరగతిలో ఉంది.

"సరే, నేనే వస్తన్న."

ఇక శుక్రవారాలు అయిపోయినట్టే. పోయేదెలాగూ పోతుంది కదాని శ్రీలత దుప్పటి తీసి, వచ్చినవాళ్లందరినీ కూర్చోబెట్టి, హాజరుకు ముందే తీసిన వీడియోలు వేసింది. తెరమీద పవన్, "మా నాయిన ఎండలనే పనిచేత్తడు, గందుకే గీ పోలీసు టోపీ ఆయనకే ఇస్త" అన్నాడు. ఇంట్లో వాడు అన్నం కావాలని కూడా అడగడు. కట్టయ్య కండువాతో ముక్కు తుడుచుకుని, ఇంకోసారి వెయ్యమన్నాడు.

రెండోసారి నడుస్తుండగా చంద్రమౌళి వచ్చారు. ఆయన జీపు వెనకే స్కూటర్ మీద వెంకట్రాజం గారూ వచ్చారు, నుదుట కుంకుమ, చేతిలో లడ్డూల కవరు. 'మీ హాజరు నమోదైంది' అన్న మెసేజ్ ఆయనకు ఉప్మా ప్లేటు ముందు అందింది. మొదట యాప్‌కు బుద్ధొచ్చిందని సంతోషించి, పిల్లలు సున్నా అని చూడగానే ప్లేటు వదిలి బయల్దేరారు.

"పేరెంట్స్ మీటింగ్ పెడితే ముగ్గురొత్తరు. పనిదినాన ఇంతమంది ఎట్లొచ్చిండ్రు?" అన్నారు చంద్రమౌళి ఆశ్చర్యంగా. "మీ హాజరు తొమ్మిదీ నలభైకే ఉన్నది. అప్పటిసంది ఇదే పనా?"

వెంకట్రాజం గారు దుప్పటి లేని తెరను చూశారు, సగం మీసంతో నిలబడ్డ అక్షరను చూశారు. కంప్లైంట్ చెప్పాలంటే ముందు తొమ్మిదీ నలభైకి తానెక్కడున్నారో చెప్పాలి.

"అవును సార్. ప్రతి శుక్రవారం నేనే దగ్గరుండి చేపిస్త" అని లడ్డూల కవరు పిల్లలకు పంచమని శ్రీలత చేతికిచ్చారు.

హాజరు సున్నాను చంద్రమౌళి సాంకేతిక లోపమని రాసుకున్నారు. శుక్రవారం పాఠం తప్పక కొనసాగాలని రిజిస్టరులో రాశారు. కింద వెంకట్రాజం గారు సంతకం పెట్టారు.

మరుసటి గురువారం ఆయన మెల్లగా తరగతిలోకి వచ్చారు. "మేడం, రేపు కేసముద్రంల చిన్న పని పడ్డది. గా వృత్తుల పాఠం ఇంకోపారి పెడితే పిల్లలకు మంచిగెక్కుతది. అక్షరకు కాటుక నేనే తెచ్చిన."

అక్షర తల అడ్డంగా ఊపింది. "రేపు నేను చంద్రమౌళి సార్‌ను, సార్."

వెంకట్రాజం గారి కేసముద్రం పని ఆ క్షణమే వాయిదా పడింది.