సెయింట్ థేమ్స్ పూర్వ విద్యార్థులు

మెట్‌పల్లిలోని సెయింట్ థేమ్స్ బ్రిటిష్ స్కూలుకు ఎట్టకేలకు ప్రముఖ పూర్వ విద్యార్థులు లభించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. థేమ్స్ అంటే నది కదా, దాని ముందు సెయింట్ ఎట్లా చేరిందని ఇంతవరకు ఏ తల్లీ తండ్రీ అడగలేదు. ఎరువుల దుకాణం మీది అంతస్తులో, ఏప్రిల్ ఎండల్లోనూ పిల్లల మెడలకు టైలు బిగించి నడిచే బడిని బ్రిటిష్‌ది కాదనే ధైర్యం ఎవరికుంది?

కరస్పాండెంట్ రాంచందర్ సారుకు మాత్రం కంటిమీద కునుకు లేదు. తమ దగ్గర చదివి డాక్టరైన అమ్మాయి ఫొటోతో ఎదురు వీధి బడి వాళ్ళు ఫ్లెక్సీ కట్టగానే ఊరంతా అటే మళ్ళింది. ఇక్కడ సగం బెంచీలు ఖాళీ. ఈ జూన్‌లోనూ పిల్లలు రాకపోతే సారు బడికి తాళం వేసి, మామగారి పసుపు కమీషన్ దుకాణంలో కూర్చోవాలి. పసుపు వాసన తగిలితే చాలు, ఆయనకు తుమ్ములు ఆగవు.

మొదటి బ్యాచ్ పిల్లల్ని వెతికించాడు. ఒకమ్మాయి సర్కారు దవాఖానలో నర్సు, ఒకడు సిరిసిల్లలో మరమగ్గాల సాంచాలు నడుపుతున్నాడు, ఇంకొకడు మోటర్లు బాగుచేస్తున్నాడు. వీళ్ళు లేకపోతే ఒక్కపూట గడవదు గానీ, ఫ్లెక్సీకి పనికిరారు.

అంతలో ఫోనులో అసలు సిసలు బ్రిటిష్ బడి ఒకటి సారు కంటబడింది. వందల ఏళ్ళ నాటిది. దాని పూర్వ విద్యార్థుల్లో మంత్రులు, ప్రభువులే కాక, ఒక గూఢచారి, జైలుకు పోయిన బ్యాంకరు కూడా సగర్వంగా ఉన్నారు. పేరు మోస్తే చాలు, ఎందుకు మోసిందని దొరలు అడగరన్నమాట. ఆ సంస్కారానికి సారు చేతులెత్తి మొక్కాడు.

వెంటనే పేరుమోసిన పెద్దమనుషులకు కబుర్లు వెళ్ళాయి. ఉదయం అడ్మిషన్, సాయంత్రం టీసీ, మరునాటి నుంచి పూర్వ విద్యార్థి. ఇందులో అబద్ధం ఎక్కడైనా ఉందేమో మీరే చెప్పండి. చెరువు నీళ్ళు నిలిచే శిఖం భూమిలో ప్లాట్లు కోసి అమ్మినాయన వచ్చాడు. మొలకెత్తని పత్తి విత్తనాలు అమ్మినాయన భైంసా నుంచి కారులో వచ్చాడు. గల్ఫ్ ఏజెంటు ఓంప్రకాశ్ అందరికంటే ముందే వచ్చి మొదటి బెంచీలో కూర్చున్నాడు. యూకేజీ బెంచీ కదా, విరిగింది. సారు దాన్ని జ్ఞాపకార్థం గాజుపెట్టెలో పెట్టించాడు. హాజరు పిలిస్తే అందరూ "ప్రెజెంట్ మిస్" అన్నారు. కోర్టు వాయిదాలకు ఎన్నడూ హాజరు కానివాళ్ళు ఆ మాట అంటుంటే సారు కళ్ళు చెమర్చాయి.

సాయంత్రం సభలో ఓంప్రకాశ్ శాలువా సర్దుకుని మైకు అందుకున్నాడు. "గీ బడిల నేను సదివింది ఒక్క దినమే. అయినా గియ్యాల నేను ఇంతటోణ్ణి అయిన్నంటె, అది గీ బడి పెట్టిన భిక్షనే!" చప్పట్లు చాలాసేపు మోగాయి.

జూన్ వచ్చింది. గోడ నిండా ఘనుల ఫొటోలు, మెట్ల కింది దాకా లైను. సారు ప్రాణం లేచొచ్చింది. అందరికంటే ముందు పోశవ్వ, మనవరాలి చెయ్యి పట్టుకుని నిలబడి గోడకేసి చూస్తున్నది.

"సారూ, వీళ్ళంత గీ బళ్ళె సదివినోళ్ళేనా?"

"అందరు మా పిల్లలే అవ్వా."

"గీ ఓంప్రకాశ్ సుత?"

"ఫస్ట్ బెంచ్!"

"డ్రైవర్ పనని నా కొడుకును సౌదీ తోలి, ఎడారిల ఒంటెల కాడ ఇడిసిపెట్టిండు. పోరడు ఏండ్లకేండ్లు మనిషి మొకం సూడలే. గిసొంటి సదువు నా మనవరాలికి వద్దు."

పోశవ్వ పిల్లను తీసుకుని మెట్లు దిగిపోయింది. ఓంప్రకాశ్ ఎవరో తెలియని ఇల్లు ఆ లైనులో ఒక్కటీ లేదు. సారుకు ఎక్కడినుంచో పసుపు వాసన తగిలినట్టయి గట్టిగా తుమ్మాడు.

వెనకనున్న అంతయ్య ముందుకు వచ్చాడు. అతని తమ్ముణ్ణి సౌదీకి పంపింది కూడా ఆ ఓంప్రకాశే. అంతయ్య ఆ ఫొటోను చాలాసేపు చూశాడు.

"సారూ, గీయన ఏ సెక్షన్ల సదివిండు?"

"ఏ... ఏ సెక్షనే."

"మావోణ్ణి గా సెక్షన్లనే ఎయ్యుండ్రి. నా తమ్ముని లెక్క ఒంటెలు కాసుడు వద్దు. మందిని సౌదీ తోలెటోడు కావాలె."

మధ్యాహ్నానికల్లా ఏ సెక్షన్ నిండిపోయింది. మీరూ మీవాడి కోసమే వచ్చినట్టున్నారు. లైను ఎరువుల దుకాణం దాటి మలుపు తిరిగింది, కాస్త వెనక నిలబడండి.