గుర్రపుడెక్క మీద గంటలు

చెప్పండి, మీరేం చూశారు? గుట్టెక్కి కిందికి చూసి "అబ్బ, ఎంత పచ్చగా ఉందో!" అన్నారు కదా. ఆ పచ్చదనంలో కాలు పెట్టారా? పెట్టలేదు. అయితే వినండి.

ఒక పెద్ద అడవిలో రాజు సింహానికి నడకంటే బద్ధకం. దివాను నక్కకు బురదంటే అసహ్యం. ఇద్దరికీ బాగా కుదిరింది.

"మహారాజా, అడవంతా తిరిగి ఏలడం పాతకాలపు పని," అంది నక్క. "పైనుంచి గద్ద చూస్తుంది. జింకల మెడలకు తీగలతో గంటలు కడదాం. ఏ గంట ఎటు మోగుతోందో గుహలో కూర్చుని కుందేళ్లు వింటాయి. అన్నిటినీ ఒక్కచోట చేర్చామంటే, మీరు వెళ్లి ఒక్క దూకు దూకితే చాలు."

గద్ద ఒక చుట్టు చుట్టి వచ్చింది. "గుట్టల అవతల చదునుగా, పచ్చగా పెద్ద బయలుంది."

వెంటనే ఉత్తర్వు వెళ్లింది. జింకలన్నీ మెడకు గంట కట్టించుకుని ఆ బయలుకు మారాలి. మారకపోతే వాగు నీళ్లు బంద్.

మర్నాడు ముసలి జింక తొడలదాకా బురదతో గుహ ముందుకొచ్చింది.

"దొరా, అది పచ్చిక కాదు, ఊబి! పైన గుర్రపుడెక్క పరుచుకుంది. నా మనవడు పీకలదాకా దిగిపోతే ఈడ్చుకొచ్చాం. ఒక్కసారి వచ్చి చూడండి."

"అక్కడే ఆగు, గుమ్మం పాడవుతుంది!" అంది నక్క. "ఏం గద్దా, చూశావా లేదా?"

"చూశాను. పచ్చగా ఉంది."

"దిగి చూశావా నాయనా?" అంది ముసలి జింక.

"దిగడానికి నేనేమన్నా గడ్డి తింటానా అవ్వా?"

"విన్నావుగా," అంది నక్క. "సాయంత్రానికి గంటలు అక్కడ మోగాలి. లేదా వాగు సంగతి మరిచిపో."

"మోగుతాయి దొరా," అంది అవ్వ.

జింకలు ఒకదాని మెడతీగ ఇంకొకటి కొరికాయి. గంటలన్నీ ఊబి మీదికి వంగిన తుమ్మకొమ్మకు తగిలించి వాగుకు వెళ్లిపోయాయి. వాగు మీద చెట్లు గుబురు. గద్దకు పైనుంచి ఆకులే కనబడతాయి.

గాలి వీచింది. గంటలు మోగాయి. "అందరూ చేరారు!" అని కుందేళ్లు కేకేశాయి. సింహం ఆవలిస్తూ లేచి వెళ్లి, గంటలు మోగేచోటికి ఒక్క దూకు దూకింది.

పీకలదాకా దిగింది. గర్జించింది.

"రాజుగారి గర్జన బయలు నుంచే," అన్నాయి కుందేళ్లు.

"వేట జోరుగా ఉంది," అంది నక్క.

గద్ద చూసొచ్చింది. "తలే కనబడుతోంది. పచ్చికలో పడుకున్నట్టున్నారు."

"నిద్ర చెడగొట్టకండి!" అంది నక్క.

ఆ గర్జన వాగుదాకా వినబడింది. మనవణ్ణి ఊబిలోంచి ఈడ్చిన అవ్వకు అదేం కేకో తెలుసు. గుహకు పరుగెత్తుకొచ్చింది. "దొరా, రాజు మునిగిపోతున్నాడు! తీగలిచ్చి ఏనుగుల్ని పంపండి!" అంది.

నక్క నవ్వింది. "మా లెక్కలో అక్కడ ఊబే లేదు. లేని ఊబిలో ఎలా మునుగుతాడే?"

గంటలు మాత్రం మోగుతూనే ఉన్నాయి.

నీతి: మునుగుతున్నవాడి మాట నమ్మకండి, పైనుంచి చూసినవాడికే అంతా తెలుసు.

సరే, మీ ఊరిని పైనుంచి చూసి తేల్చేసినవాడు ఒక్కసారైనా కిందికి దిగాడా?