బరువావారి నిమ్మళ దిగ్విజయము

సహస్రకిరణుడు సెగలు గ్రక్కుచు టమాటాగంపలపై దండెత్తిన ఒకానొక వైశాఖ మధ్యాహ్నమున, పత్తికొండ పురవరమందు, మార్కెట్టు వెనుక సందులో, రేకుల కప్పు క్రింద రెండు బల్లలతో వెలసిన సిద్దమ్మ మెస్సను మహాసంస్థానమున, అస్సాము దేశోద్భవుడును, బ్యాంకు సహాయ మేనేజరును, చేతిఫోనే గురువుగా తెలుగు నేర్చుచున్నవాడును అగు హిరణ్య బరువా ఘోరపరాభవము పొందెను. అదెట్లన్న వినుడు.

ఆ ఫోను అతనికి ఆనందమునకు పర్యాయపదములనేకము నేర్పెను గాని, ఏది ఎక్కడ ప్రయోగింపవలెనో నేర్పలేదు. నాడు సిద్దమ్మ సంగటిముద్ద వడ్డించుచు, "మా ఆయనకు కడుపులో రాళ్లంటప్పా. ఆపరేషన్‌కు కర్నూలుకు పిల్చుకపోయినారు" అనెను. బరువా హృదయము ద్రవించెను. ధైర్యముగానుండుమని చెప్పదలచి, ఎడమచేతిని గుండెపై నుంచి, మేఘగంభీరస్వరమున నిట్లు పలికెను: "అమ్మా, మీరు విచారింపవలదు. సంబరపడుడు."

గరిటె ఆగెను. "మొగుడు ఆస్పత్రిలో ఉంటే సంబరపడల్లా?" అనెను సిద్దమ్మ.

నాటినుండి అతనికి రెండవ ముద్ద నిలిచిపోయెను. అడిగినచో "అయిపోయె" అని జవాబు. గిన్నెలో ముద్దలేమో ఏనుగుగున్నలవలె ఒదిగి కూర్చుండియే యుండెను. బ్రహ్మపుత్రను ఈదినవాడను, ఒక్క మాటలో మునిగితినే యని వీరుడు కుమిలెను.

బ్యాంకు గుమాస్తా లక్ష్మీప్రియ జాలిపడి, "సంతోషం అనండి సార్, దాంట్లో తప్పు పోయేదేం లేదు" అని అస్త్రోపదేశము చేసెను. దానిని సంధించు అదను వెదకుచు బరువా, "అమ్మా, రేపు సెలవు. నేను భోజనమునకు రాను" అనగా, సిద్దమ్మ తలెత్తకయే "సంతోషం" అనెను. ఆహా, సంధి కుదిరెనని అతడు ఈలవేయుచు గదికేగెను. సెలవు గడచి వచ్చిననాడును ఒక్కటే ముద్ద. సంతోషము లేకున్నను సంతోషమనవచ్చునని అతడప్పుడెరింగెను.

కొన్నాళ్లకు శేషన్నయను రైతు, పన్ను పీకించుకొని, బూరెవలె వాచిన దవడతో బ్యాంకు బెంచీపై కూలబడి, "అబ్బ, ఇప్పుడు నిమ్మళంగా ఉండాది" అని నిట్టూర్చెను. బరువా నివ్వెరపోయెను. ముఖమున నవ్వు లేదు. నోట నెత్తుటి దూది. కాని భుజములు రెండును మూట దించినవానివలె కుదుటపడియుండెను. గంతులేయని సంతోషమొకటి ఈ సీమలో ఉన్నది కాబోలు. ఫోనునడిగెను. 'మెల్లగా' అని అర్థము చెప్పెనది. వీరుడు మొట్టమొదటిసారి గురువును ధిక్కరించెను.

సిద్దమ్మ భర్త ఓబుళేశు ఇల్లు చేరిన నాడు మెస్సు జనసముద్రమయ్యెను. అందరును అక్కడనే వాల్చిన అతని మంచముచుట్టు మూగి, "ఎట్లుండాదప్పా", "రాళ్లు ఎంత లావుండాయప్పా" అని కుశలమడుగుచుండ, అతడు సీసాలోని రాళ్లను నవరత్నములవలె ప్రదర్శించుచుండెను. సిద్దమ్మ పొయ్యికడ ఒంటరిగా చెమట తుడుచుకొనుచుండెను. బరువా ఖాళీపళ్లెమే డాలుగా ఆమె ఎదుట నిలిచెను. ఆనందము, పరమానందము, సంబరము నాలుకచివర మదించిన గుఱ్ఱములవలె సకిలించెను. వానినన్నిటిని పగ్గములు బిగించి నిలిపి, మెల్లని గొంతుతో, "ఇప్పుడు నిమ్మళంగా ఉండావామ్మా" అనెను.

సిద్దమ్మ తలెత్తి చూచెను. కొంగుతో ముక్కు తుడుచుకొనెను.

"నిమ్మళమే నాయనా. ఇన్ని దినాలూ అందరూ ఆయప్పను అడిగినోళ్లే" అనెను. పిదప గిన్నెలోనికి తొంగిచూచి, "ఈపొద్దు సంగటి నిజంగానే అయిపోయె. అడుగంటింది ఉండాది, తింటావా?"

"భుజించెదను" అనబోయి, "తింటా" అనెను బరువా.

అంతట గరిటె గిన్నెను గీకిన ఘోష శంఖారావమై సందెల్ల మార్మ్రోగ, అరచేయంత మాడుచెక్క అతని పళ్లెమున పడెను. ఇట్లు పదునెనిమిది అక్షౌహిణుల తెలుగుమాటలలో ఒక్కదానిని నిస్సంశయముగా జయించి, హిరణ్య బరువా పచ్చి ఉల్లిపాయ నంజుకొని తన విజయమును కరకర నమిలెను.